ఓవెన్ అమ్మేయాలా, అత్తగారికి వేరే వంట చేయాలా?

రాయగడలో ఉంటున్న ఒక సోదరి, తమ ఇంట్లో మైక్రోవేవ్ ఓవెన్ వచ్చినప్పటి నుంచి పేరుకుపోయిన మనస్తాపాన్ని వివరంగా రాశారు. ఆమె ఉపాధ్యాయిని, ఉదయం ఏడు గంటలకే బయలుదేరాలి. భర్తది కర్మాగారంలో షిఫ్టు ఉద్యోగం. ఇంట్లో షుగరు ఉన్న 68 ఏళ్ళ అత్తగారు, మూడేళ్ళ పాప ఉన్నారు. విశాఖపట్నం నుంచి రైల్లో వచ్చే తమ్ముడు నెలకు రెండుసార్లు ఐసు పెట్టెలో వంజరం, రొయ్యలు తెస్తాడు. వాటిని కడిగి, కిలో చొప్పున సంచుల్లో కట్టి ఫ్రీజరులో పెట్టుకుంటారు. పని తేలికవుతుందని మొన్న సంక్రాంతికి 20 లీటర్ల ఓవెన్ కొన్నారు. వీడియోల్లో చెప్పినన్ని నిమిషాలు పెట్టి స్టార్టు నొక్కడమే తప్ప, మిగతా బటన్ల జోలికి ఆమె వెళ్ళలేదు.

చేపల సంచిని అందులో పెడితే అంచులు ఉడికి తెల్లబడిపోతున్నాయి, మధ్యలో గడ్డ మాత్రం అలాగే ఉంటోంది. అన్నం ఒక పక్క పొగలు కక్కుతూ, మరో పక్క చల్లగా వస్తోంది. ఒక రోజు పాప పాల గ్లాసు బయట గోరువెచ్చగానే ఉన్నా, అత్తగారు ముందుగా రుచి చూస్తే పైన ఉన్న పాలు నాలుక కాలేంత వేడిగా ఉన్నాయి. ఇవన్నీ ఒక ఎత్తయితే, బరంపురం నుంచి ఆడపడుచు కుటుంబం వచ్చిన రోజు జరిగింది ఒక ఎత్తు. ఫ్రీజరులోని కోడి మాంసాన్ని హడావిడిగా ఓవెన్‌లో పెట్టి, సగం కరిగిన ముక్కలనే బాణలిలో వేపారు. వడ్డించాక చూస్తే ఎముక దగ్గర ఇంకా పచ్చిగా ఉంది. అత్తగారు అందరి ముందూ కంచం పక్కకు జరిపి, "ఆ పెట్టెలో పెట్టిన విషం నేను తినను" అన్నారు. అప్పటి నుంచి ఓవెన్‌లోకి వెళ్ళిన దేన్నీ ఆమె ముట్టడం లేదు. ఆ కిరణాల వల్ల క్యాన్సర్ వస్తుందని పార్వతీపురంలో ఉన్న ఆమె చెల్లెలు ఫోనులో చెప్పడంతో భయం ఇంకా గట్టిపడింది. భర్త మాత్రం, "అమ్మేద్దాం, గొడవ వదులుతుంది" అని ఊరుకున్నారు.

ఆ సోదరి అడిగింది ఇది: "ఓవెన్ అమ్మేయనా, ఆమెకు వేరుగా వండనా, నచ్చజెప్పే దారి ఏదైనా ఉందా? అసలు నేను ఏమైనా తప్పు చేస్తున్నానా?"

అమ్మా,

మీరు చివర అడిగిన ప్రశ్నకే ముందుగా సమాధానం చెబుతాను. ఎందుకంటే మిగతావన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. మీ అత్తగారు చెప్పిన కారణం సరైనది కాదు. కానీ ఆమె కంచంలో చూసింది నిజం. అంచు ఉడికి మధ్య గడ్డగా ఉన్న చేప, ఎముక దగ్గర పచ్చిగా ఉన్న కోడి, పైన మరుగుతూ కింద చల్లగా ఉన్న పాలు ఎవరి నోటికీ మంచివి కావు. వీటన్నిటికీ ముఖ్యమైన కారణం ఒకటే. మీరు ప్రతి పనికీ ఓవెన్‌ను నూటికి నూరు శాతం పవర్ మీద నడుపుతున్నారు. పవర్ ఎంచుకోకుండా నిమిషాలు మాత్రమే పెట్టి స్టార్టు నొక్కితే అది పూర్తి శక్తితోనే నడుస్తుంది. గ్యాసు పొయ్యి మీద పప్పు తాలింపును, పాలను, పులుసును ఒకే మంట మీద వండని మీరు, ఇక్కడ మాత్రం ఒకే మంట మీద అన్నీ వండుతున్నారన్నమాట. ఈ సంగతి ఆమె భయానికి సమాధానం వెతకడానికి ముందే తేలాలి. రుచిలేని, సగం పచ్చిగా ఉన్న భోజనం పెడుతూ "కిరణాల వల్ల హాని లేదు" అని ఎంత చెప్పినా ఆమె వినరు, వినాల్సిన అవసరమూ లేదు.

ఓవెన్‌లో అసలు ఏం జరుగుతుందో కొంచెం వివరిస్తాను. దీన్ని మీరు ఆమెకు కూడా చెప్పవచ్చు. లోపల మాగ్నెట్రాన్ అనే పరికరం 2.45 గిగాహెర్ట్జ్ తరంగాలను పుట్టిస్తుంది. అవి ఆహారంలోని నీటి అణువులను కదిలించి వేడి పుట్టిస్తాయి. అయితే అవి ఆహారంలోకి రెండు, మూడు సెంటీమీటర్ల లోతు వరకే బలంగా వెళ్తాయి. అంతకన్నా లోపలి భాగానికి వేడి బయటి నుంచి మెల్లగా పాకవలసిందే. గడ్డ కట్టిన పదార్థంతో ఇంకో చిక్కు ఉంది. మంచు ఈ తరంగాలను చాలా తక్కువగా గ్రహిస్తుంది, ద్రవంగా ఉన్న నీరు చాలా ఎక్కువగా గ్రహిస్తుంది. కాబట్టి ఏ అంచు ముందుగా కరిగిందో ఆ అంచే మరింత వేగంగా వేడెక్కుతుంది. పక్కనే గడ్డ కదలకుండా కూర్చుంటుంది. మీ కిలో సంచిలో జరుగుతున్నది సరిగ్గా ఇదే. నిమిషాలు పెంచితే ఇది బాగుపడదు, ఇంకా చెడుతుంది.

తక్కువ పవర్ ఉన్నది ఇందుకే. మామూలు ఓవెన్‌లో 30 శాతం అని పెడితే తరంగాల బలం తగ్గదు. మాగ్నెట్రాన్ కొన్ని సెకన్లు పూర్తి శక్తితో పనిచేసి, ఆ తరువాత అంతకు రెట్టింపుకు పైగా సమయం ఆగిపోతుంది. కట్టెల పొయ్యి మీద పులుసు పొంగకుండా కట్టెను వెనక్కి లాగి, మళ్ళీ లోపలికి తోసేవాళ్ళు చూడండి, అలాంటిదే. ఆగిన సమయంలో అంచుల్లోని వేడి మధ్యలోకి పాకుతుంది. 30 శాతం పెట్టి చెవి పెట్టి వింటే మీకే తెలుస్తుంది: పళ్ళెం తిరుగుతూనే ఉంటుంది, దీపం వెలుగుతూనే ఉంటుంది, కానీ లోపలి గంభీరమైన రొద కొంతసేపు వచ్చి, కొంతసేపు ఆగుతుంది. ఇన్వర్టర్ రకం ఓవెన్లలో మాత్రం ఇలా ఆగి ఆగి నడవదు. శక్తే నిజంగా తగ్గుతుంది. మీ ఓవెన్‌కు తిప్పే గుండీ ఉంటే హై, మీడియం, డీఫ్రాస్ట్, లో అని రాసి ఉంటుంది. బటన్లు ఉంటే పవర్ అనే బటన్‌ను మళ్ళీ మళ్ళీ నొక్కితే 100, 80, 50, 30, 10 అని గానీ, వాట్లలో గానీ అంకెలు మారుతాయి. అంకె ఎంచుకున్నాకే నిమిషాలు పెట్టాలి.

వీడియోల్లోని నిమిషాలు మీకు పనికిరాకపోవడానికి ఇంకొక కారణం ఉంది. చెప్పేవారి ఓవెన్ 900 వాట్లది, మీది 700 వాట్లది అయితే, వారికి ఐదు నిమిషాల పని మీకు దాదాపు ఆరున్నర నిమిషాలు పడుతుంది. వెనక అంటించిన కాగితంలో రెండు అంకెలు ఉంటాయి. పెద్దది కరెంటు తీసుకునే వాట్లు, చిన్నది ఆహారానికి అందే వాట్లు. మనకు కావలసింది చిన్నది. సాయంత్రాలు మీ వీధిలో వోల్టేజి పడిపోతుందని ఉత్తరంలో ఒక చోట రాశారు కదా. అప్పుడు ఆ చిన్న అంకె కూడా నిజం కాదు. వోల్టేజి తగ్గితే ఇన్వర్టర్ రకం కాని ఓవెన్ శక్తి బాగా పడిపోతుంది. మీ బడిలోని సైన్సు గదిలో 110 డిగ్రీల థర్మామీటరు ఉంటుంది కాబట్టి దీన్ని తేల్చడం సులభం. గాజు గిన్నెలో సరిగ్గా ఒక లీటరు నీళ్ళు పోసి, ఉష్ణోగ్రత చూసి, థర్మామీటరు తీసేసి, పూర్తి పవర్ మీద ఒక్క నిమిషం పెట్టండి. నీళ్ళు బాగా కలిపి మళ్ళీ కొలవండి. పెరిగిన డిగ్రీలను 70తో గుణిస్తే వచ్చేదే మీ ఓవెన్ అసలు శక్తి. పది డిగ్రీలు పెరిగితే 700 వాట్లు. మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఏడు గంటలకు ఒకసారి చేసి చూడండి. తేడా ఎక్కువగా ఉంటే రాత్రి వేళ నిమిషాలు పెంచుకోవాలి, లేదా ఓవెన్ తీసుకునే వాట్లను మోయగల స్టెబిలైజరు కొనుక్కోవాలి. చిన్న స్టెబిలైజరు దీనికి చాలదు. ఎక్స్‌టెన్షన్ తీగ మీద కాకుండా గోడకు ఉన్న 16 ఆంపియర్ల ప్లగ్గులోనే పెట్టండి.

ఇక చేపల సంగతికి వస్తాను. కిలో సంచులు కట్టడం మానేయండి. ఏ పవర్ పెట్టినా, ఎంత నేర్పున్నా, ఆ మందపు గడ్డను ఓవెన్ సమంగా మంచు కరిగించి విడదీయలేదు. తమ్ముడు తెచ్చిన రోజునే పూటకు సరిపడా ముక్కలను రెండు సెంటీమీటర్ల మందానికి మించకుండా, పలకలా పరచి పెట్టండి. ఇది ఒక్కటి మారితే మీ కష్టంలో సగం పోతుంది. వండే ముందు రోజు రాత్రి ఆ పలకను ఫ్రీజరు నుంచి తీసి ఫ్రిజ్ కింది అరలో గిన్నెలో పెడితే పొద్దుటికి దానంతట అదే విడిపోతుంది. ఓవెన్ అవసరమే ఉండదు, చేప రుచి కూడా చెడదు. నా దృష్టిలో చేపకు ఇదే అన్నిటికన్నా మంచి పద్ధతి. మరచిపోయిన రోజున నీరు లోపలికి పోకుండా సంచిని బిగించి, చల్లని నీళ్ళలో ముంచి, అరగంటకొకసారి నీళ్ళు మార్చండి. రొయ్యలకు ఇది చాలా బాగా పనిచేస్తుంది. రాయగడ ఎండల్లో గట్టు మీద వదిలేయడం మాత్రం వద్దు. 5 నుంచి 60 డిగ్రీల మధ్య సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి; మధ్య గడ్డ కరిగేలోపు పైభాగం గంటల తరబడి ఆ వేడిలోనే ఉంటుంది.

అయినా ఓవెన్‌లోనే విడదీయవలసి వస్తే, ముక్కలను సంచిలో నుంచి తీసి గాజు పళ్ళెంలో పెట్టి, 30 శాతం మీద అర కిలోకు మూడు నిమిషాలతో మొదలుపెట్టండి. తీసి, తిరగేసి, విడిపోయిన ముక్కలను పక్కకు తీసేసి, మిగిలిన వాటికి ఇంకో నిమిషం, రెండు నిమిషాలు ఇవ్వండి. మధ్యలో ఇంకా కొంచెం మంచు ఉండగానే ఆపి, పది నిమిషాలు బయట ఉంచండి. మిగతా పని ఆ విరామం చేస్తుంది. కోడి మాంసానికి దాదాపు రెట్టింపు సమయం పడుతుంది. రెండు నిమిషాలకొకసారి ముక్కలు విడదీస్తూ ఉండాలి. ఓవెన్‌లో విడదీసిన మాంసాన్ని, చేపను వెంటనే వండేయాలి. కొన్ని చోట్ల అప్పటికే వెచ్చబడి ఉంటుంది కాబట్టి పచ్చిదాన్ని మళ్ళీ ఫ్రీజరులో పెట్టకూడదు. ఆడపడుచు వచ్చిన రోజు బాణలిలోకి వెళ్ళిన ముక్కల్లో ఎముక చుట్టూ ఇంకా మంచు ఉంది. పొయ్యి వేడి ముందు ఆ మంచును కరిగించడానికే ఖర్చయింది, ఈలోగా పైభాగం ఎర్రగా వేగి ఉడికినట్టు కనిపించింది. కోడి మాంసం లోపల 74 డిగ్రీల వరకు వేడెక్కితేనే తినడానికి క్షేమం. వడ్డించే ముందు అన్నిటికన్నా మందమైన ముక్కను ఎముక వరకు కోసి చూడడం అలవాటు చేసుకోండి.

మిగతా వంటకు ఎక్కువ చెప్పనక్కరలేదు. కూరగాయలు ఉడికించడానికి, నీళ్ళు కాచడానికి పూర్తి పవర్ సరిపోతుంది. అన్నం, పప్పు, కూరలు వేడి చేయడానికి 70, 80 శాతం. అన్నం మీద ఒకటి రెండు చెంచాల నీళ్ళు చల్లి, మూత వదులుగా పెట్టి, మధ్యలో ఒకసారి కలపండి. పళ్ళెంలో అన్నాన్ని కుప్పగా పెట్టకుండా, మధ్య ఖాళీ వదిలి అంచుల వెంట పరిస్తే ఇంకా సమంగా వేడెక్కుతుంది. చేపల పులుసు, పాలు 50 శాతం మీదే. పూర్తి పవర్ పెడితే చేప ముక్క పేలి చిట్లుతుంది, పాలు పొంగిపోతాయి. పాప పాలను ప్రతిసారీ చెంచాతో అడుగు నుంచి కలిపి, చుక్క మణికట్టు మీద వేసుకుని చూశాకే ఇవ్వండి. ఆ రోజు మీ అత్తగారు ముందుగా రుచి చూడడం పాపను కాపాడింది. ఆ మాట ఆమెతో ఇంతవరకు అనకపోతే, దయచేసి అనండి.

ఇప్పుడు ఆమె భయం గురించి. ఈ తరంగాలు రేడియో తరంగాల కుటుంబానికి చెందినవి. ఎక్స్‌రేల వంటివి కావు, కణాల్లోని జన్యు పదార్థాన్ని విరగగొట్టే శక్తి వీటికి లేదు. తలుపు తీసిన క్షణంలో అవి పుట్టడం ఆగిపోతుంది. లైటు ఆర్పాక గదిలో వెలుగు మిగలనట్టే, ఆహారంలో అవీ మిగలవు. వేడి మాత్రమే మిగులుతుంది. తలుపు అద్దంలోని లోహపు జల్లెడ రంధ్రాలు ఈ తరంగాల పొడవు కన్నా చాలా చిన్నవి, అందుకే అవి దాదాపుగా బయటికి రావు. బయటికి రాగల లీకేజీకి కూడా పరిమితి ఉంది. ఓవెన్‌కు 5 సెంటీమీటర్ల దూరంలో చదరపు సెంటీమీటరుకు 5 మిల్లీవాట్లు దాటకూడదని అమెరికాలో నిబంధన, దూరం జరిగే కొద్దీ అది కూడా వేగంగా తగ్గిపోతుంది. ఇది నిన్న మొన్నటి వస్తువూ కాదు. పెర్సీ స్పెన్సర్ అనే అమెరికా ఇంజనీరు 1945లోనే దీనికి పేటెంటు కోరారు. అంటే మీ అత్తగారి వయసు కన్నా దీని వయసే ఎక్కువ. అయితే ఆమె జాగ్రత్తను పూర్తిగా కొట్టిపారేయకండి. భయపడవలసినవి వేరే ఉన్నాయి. ఓవెన్‌కు తగినదని గుర్తు లేని ప్లాస్టిక్ డబ్బాలో, మామూలు ప్లాస్టిక్ సంచిలో దేన్నీ వేడి చేయకూడదు. మీరు ఇంతవరకు చేపను సంచితో సహా పెడుతున్నారు. స్టీలు గిన్నె, బంగారు అంచు ఉన్న పింగాణీ, మెలమైన్ పళ్ళాలు వద్దు. గాజు, మామూలు పింగాణీ చాలు. తలుపు వంగినా, సరిగా మూసుకోకపోయినా బాగు చేయించేదాకా వాడవద్దు. ఇవన్నీ మీరు పాటించడం ఆమె కళ్ళారా చూస్తే, మీ మాటకు బలం వస్తుంది.

మీరు రాసిన వాక్యాల్లో నన్ను అన్నిటికన్నా ఆపింది, మీరు మామూలుగా రాసి వదిలేసిన ఒక మాట. ఓవెన్ రాక ముందు రాత్రి షిఫ్టు నుంచి వచ్చిన కొడుకుకు ఆమే లేచి అన్నం, కూర వేడి చేసి పెట్టేవారని, ఇప్పుడు ఆయన తానే ఓవెన్‌లో పెట్టుకుని తింటున్నారని, ఆమెకు విశ్రాంతి దొరికిందని మీరు సంతోషించారని రాశారు. మీ ఉద్దేశం మంచిదే. కానీ ఆ విశ్రాంతి కావాలా అని ఆమెను ఎవరైనా అడిగారా? రాత్రి వేళ కొడుకు ఎదురుగా కూర్చుని నాలుగు మాటలు మాట్లాడుకునే సమయం ఆమెకు ఆ పని వల్లనే దొరికి ఉండవచ్చు. ఇది నా ఊహ; మీరు ఆమెను దగ్గరగా చూస్తున్నారు కాబట్టి నిజమో కాదో మీకే తెలుస్తుంది. నిజమైతే మాత్రం, క్యాన్సర్ గురించి మీరు ఎన్ని వివరాలు చెప్పినా ఆ అలక తీరదు.

మీరు అనుకుంటున్న దారులను ఇప్పుడు చూద్దాం. ఓవెన్ అమ్మేస్తే ఇల్లు వెంటనే శాంతిస్తుంది. పలకలుగా పెట్టి ఫ్రిజ్‌లో విడదీసే అలవాటు వస్తే చేపలకు ఇబ్బందీ ఉండదు. కానీ ఉదయం ఏడు లోపల మీకు మిగిలే సమయం తగ్గుతుంది, అందరి ముందు కంచం జరిపిన ఆ మాటే గెలిచిందన్న బాధ మీలో ఉండిపోవచ్చు. అది మీరు మోయగలిగితే ఇందులో తప్పేమీ లేదు. వేరుగా వండడం పైకి మర్యాదగా కనిపిస్తుంది గానీ, నాకు అన్నిటికన్నా ఇష్టం లేనిది అదే. మీకు పని రెట్టింపవుతుంది, ఒకే ఇంట్లో రెండు గిన్నెల అన్నం అలవాటైపోతుంది. షుగరు ఉన్న మనిషి మీరు ఆలస్యంగా వచ్చిన రోజున వేళకు తినక ఇబ్బంది పడతారు. పైగా ఒకసారి అలా ఏర్పాటు చేశాక, తినాలని ఉన్నా వెనక్కి రావడం ఆమెకు అభిమానం అడ్డొస్తుంది.

మూడో దారి పనులను పంచుకోవడం. పులుసు, వేపుడు పొయ్యి మీదే, ఆమె చెప్పిన పద్ధతిలోనే వండండి. ఓవెన్‌ను కూరగాయలు ఉడికించడానికి, మీ ఇద్దరి అన్నం వేడి చేయడానికి మాత్రమే ఉంచండి. తక్కువ నీటితో త్వరగా ఉడికిన బీన్సు, క్యారెట్లలో విటమిన్లు బాగా నిలుస్తాయి కాబట్టి షుగరు ఉన్నవారికి అవి మంచివే. కానీ తినమని బలవంతం చేయకండి. బరంపురం అప్పడం ఒకటి నూనె లేకుండా పూర్తి పవర్ మీద అర నిమిషం నుంచి ఒక నిమిషం లోపు పొంగుతుంది. ఆడపడుచు తెచ్చిన కట్ట ఇంకా ఉంటే, ఆమె ఎదురుగానే పెట్టి మీరు, పాప తినండి. తినాలనిపిస్తే ఆమే చేయి చాపుతారు. ఈ దారి మెల్లగా సాగుతుంది, రెండు మూడు నెలలు ఓపిక కావాలి, ఫలితం తప్పకుండా వస్తుందని నేను హామీ ఇవ్వలేను. అయినా నా మొగ్గు దీనివైపే. ఎందుకంటే ఇందులో ఎవరూ ఓడిపోనక్కరలేదు, ఏదైనా తప్పిపోతే మిగతా రెండు దారులూ తెరిచే ఉంటాయి.

మీ వారు మాత్రం పక్కన నిలబడి చూడకూడదు. అమ్మేద్దాం అని చెప్పి ఊరుకోవడం సమస్యను మీ ఇద్దరి ఆడవాళ్ళకే వదిలేయడం. తల్లితో ఈ విషయం మాట్లాడవలసింది ఆయనే. రాత్రి షిఫ్టు ఉన్న వారాల్లో, "అమ్మా, కూర నువ్వే వేడి చేసి పెట్టు" అని ఆయన అడగాలి. ఆమె పొయ్యి వెలిగిస్తే వెలిగించనివ్వండి. ఇన్ని చేశాక కూడా ఓవెన్‌లోకి వెళ్ళినది ఆమె తినకపోతే, ఆమె కూరను ఆమె గిన్నెలోనే పొయ్యి మీద వేడి చేయవచ్చు. దానికి పది నిమిషాలు పడుతుంది, పగటి షిఫ్టు ఉన్న వారాల్లో ఆ పని ఆయన చేయాలి.